మరల నీటి అడుగునకు

ఒకసారి అబ్బిన ఈత మరి మరపునకు రాదని మన పెద్దలందురు. అది అనుభవమునకు సరిపోవు మాటయే. బాల్యమున ఊరి చెరువులోనో, దిగుడుబావిలోనో ఈదినవాడు 30 ఏండ్లు పట్నవాసమున గడపి, తిరిగివచ్చి నీట దూకినను, చేతులు వాటియంతట అవియే ఆడును. కొంత ఆయాసము కలుగవచ్చును గాని మునిగిపోడు. ఈ మాటను నమ్ముకొనియే నేను 14 ఏండ్ల విరామము తరువాత, 2023వ సంవత్సరమున, వీపున గాలి సిలిండరు కట్టుకొని మరల సముద్రములో దిగితిని. దిగిన అయిదు నిమిషములకే ఆ నమ్మకము చెడినది. అది ఎట్లు చెడినదో, ఈతకు లేని మరపు ఈ విద్యకు ఏల కలదో, ఇట్లే చాలకాలము మాని మరల దిగదలచినవారు ముందుగా ఏమి చేయవలెనో శ్రోతలకు మనవి చేసికొందును.

ఈ విద్యకు స్క్యూబా డైవింగు అని పేరు. పూర్వము సముద్రగర్భమున పనిచేయువారు లోహపు శిరస్త్రాణము ధరించి, పైనున్న పడవనుండి గొట్టము ద్వారా వచ్చు గాలిని పీల్చుచుండిరి. గొట్టము పొడవెంతయో వారి స్వేచ్ఛయు అంతయే. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ ఈవ్ కూస్తో అను నావికాధికారియు, ఎమిల్ గాన్యా అను ఇంజనీరును కలసి ఈ బంధమును తెంచిరి. యుద్ధకాలమున పెట్రోలు కరవై కార్లను గ్యాసుతో నడుపవలసి వచ్చినప్పుడు గాన్యా ఒక కవాటమును తయారుచేసి యుండెను. ఆ కవాటమునే మార్చి, మనిషి పీల్చినప్పుడు మాత్రమే, పీల్చినంత మాత్రమే గాలి నిచ్చునట్లు చేసిరి. దానినే నేడు రెగ్యులేటరు అనుచున్నాము. వీపున సిలిండరు, నోట రెగ్యులేటరు, కన్నులకును ముక్కునకును కలిపి అద్దపు మాస్కు, కాళ్లకు వెడల్పాటి ఫిన్నులు, ఒంటికి గాలి నింపుటకును వదలుటకును వీలైన చొక్కా, నడుమునకు సీసపు దిమ్మలు - ఇంతే సరంజామా.

రెగ్యులేటరు చేయు పనిలో ఒక సూక్ష్మము కలదు. ఈ ప్రసంగమంతయు దానిపైననే ఆధారపడి యున్నది. సముద్రమట్టమున మనపై వాతావరణము మోపు ఒత్తిడిని ఒకటి అనుకొందము. నీటిలో ప్రతి 10 మీటర్లకును అంతటి ఒత్తిడి మరియొకటి చేరును. 10 మీటర్లలో రెండు, 20 మీటర్లలో మూడు, 30 మీటర్లలో నాలుగు. రెగ్యులేటరు ఏ లోతున గాలి నిచ్చినను, ఆ లోతునందలి ఒత్తిడితోనే ఇచ్చును. లేనిచో రొమ్ముపై నీటి బరువునకు మనము ఊపిరి తీయనే జాలము. కాబట్టి 10 మీటర్ల లోతున నిండుగా ఊపిరి పీల్చినవాని రొమ్ములో, గట్టుమీద పట్టు గాలికి రెండింతల గాలి యున్నదన్నమాట. అతడు ఆ గాలిని బిగబట్టి పైకి వచ్చినచో ఏమగును? ఒత్తిడి సగమగును, గాలి రెండింతలుగా వ్యాపించును. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన నియమమిది. పాఠశాలలో మనమందరము కంఠస్థము చేసినదే. గాలికి చోటు చాలక ఊపిరితిత్తుల సన్నని పొరలు చిట్లును. బుడగలు రక్తములో ప్రవేశించి మెదడునకు పోవును. నిలువెత్తు నీటిలోనైనను నిండు ఊపిరి బిగబట్టి పైకి లేచినచో ఈ ప్రమాదము లేకపోలేదు. అందుచేతనే ఈ విద్యలో మొదటి పాఠము, ఎన్నడును ఊపిరి బిగబట్టరాదని.

ఇప్పుడు శ్రోతలు ఆలోచింపవలెను. నీటిలో మునిగిన మనిషి స్వభావముగా చేయు పని ఏమి? ఊపిరి బిగబట్టుట. నదీస్నానమున మూడు మునకలు వేయు పసివానికి సైతము ఎవరును నేర్పనక్కరలేని పని అది. భయము కలిగినప్పుడు చేయు పని ఏమి? పైకి పరుగెత్తుట. ఈ రెండును గట్టున పుట్టిన జంతువునకు ప్రకృతి యిచ్చిన రక్షణలే. సిలిండరు కట్టుకొన్నవానికి మాత్రము ఇవే ప్రాణాంతకములు. ఈత నేర్చుట శరీరమునకు ఒక క్రొత్త చేతనైన పని నిచ్చుట. అది శరీర స్వభావమునకు విరుద్ధము కాదు. స్క్యూబా నేర్చుట అట్టిది కాదు. పుట్టువుతో వచ్చిన రెండు అలవాట్లను అణచి, వాటిపై కృత్రిమమైన అలవాటును మోపుట. తరచుగా నీట దిగుచున్నంతకాలము ఆ పైమోపు నిలుచును. దిగుట మానినచో కొలది నెలలకే సడలనారంభించి, ఏండ్లు గడచునప్పటికి క్రిందనున్న సహజగుణమే పైకి తేలును. పాఠములన్నియు తలలో పదిలముగానే యుండును. పరీక్ష పెట్టిన మార్కులు కూడ వచ్చును. చేతులలో మాత్రము ఉండవు.

నా సంగతి అట్లే జరిగినది. నేను ఈ విద్య నేర్చినది అండమాను దీవులలోని హేవ్‌లాక్‌లో, 2009లో. ఆ దీవికి 2018 నుండి స్వరాజ్ ద్వీపమని పేరు. ఆ ఏడాదిలోనే 41 మునకలు వేసితిని. తరువాత ఉద్యోగము మారినది, సంసారము పెరిగినది. అండమానునకును విశాఖపట్నమునకును నడుమ ఓడలు తిరుగుచునే యున్నవి, నేనే తిరుగలేదు. 2023లో మరల వెళ్లినప్పుడు నా పాత పత్రమును చూపితిని. ఆ పత్రమునకు గడువు తేది యుండదు. మోటారు నడుపు లైసెన్సునకైనను గడువు కలదు గాని దీనికి లేకపోవుట నాకు మొదటినుండియు వింతగానే తోచుచున్నది. అయినను చాల శిక్షణశాలలవారు ఆరు మాసములో ఏడాదియో దాటినవారిని ముందుగా పునరభ్యాసము చేయుమందురు. నన్ను కూడ అడిగిరి. మునకలెన్ని వేసితిరనిన 41 అని చెప్పితిని. ఎప్పుడు వేసితిరను ప్రశ్నకు మాత్రము సమాధానము కొంచెము మెత్తగా ఇచ్చితిని. ఆ దోషము నాదే.

8 మీటర్ల లోతున నా మాస్కులోనికి నీరు చేరినది. ఇది సామాన్యమైన విషయము. మాస్కు పై అంచును వ్రేళ్లతో నొక్కి, ముక్కుతో గాలి వదలినచో నీరు క్రిందినుండి బయటకు పోవును. ఆ సంగతి నాకు తెలియును. తెలిసియే వ్రేళ్లను పైకెత్తితిని. ఇంతలో ఉప్పునీరు ముక్కునకెక్కినది. ముఖమునకు నీరు తగిలినంతనే శ్వాస దానంతట అదియే కట్టుబడును. నా ఊపిరి ఆగినది. కాళ్లు పైకి తన్నినవి. "నేను తన్నితిని" అనుట సత్యము కాదు, అవి తన్నినవి. నా ప్రక్కనున్న గైడు చొక్కా పట్టీని ఒడిసిపట్టి నన్ను క్రిందికి లాగి, తన కన్నులు నా కన్నులకెదురుగా నిలిపి, చేతితో "వదలుము, వదలుము" అని సైగ చేసెను. బుడగలు వెడలినవి. నేను మరల మనిషినైతిని. తరువాత గట్టున కూర్చుండి లెక్క వేసికొంటిని. 8 మీటర్లలో ఒత్తిడి ఒకటికి 1.8 వంతులు. నా రొమ్ములో 5 లీటర్ల గాలి యుండెననుకొన్నచో పైకి వచ్చునప్పటికి అది 9 లీటర్లు కావలెను. ఆ దినము నాకు రాత్రి భోజనము సహింపలేదు.

ఇది మాస్కు కథ. గాలి కథ వేరు. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో నింపిన గాలి దాదాపు 2400 లీటర్లు. చివరి 50 బార్లు, అనగా 600 లీటర్లు, ఆపద్ధనముగా ముట్టరాదు. మిగిలినది 1800. నెమ్మదిగా ఈదు డైవరు గట్టుమీది లెక్కలో నిమిషమునకు 20 లీటర్లు పీల్చుననుకొన్నచో, 20 మీటర్ల లోతున మూడింతలు, 60 లీటర్లు ఖర్చగును. అనగా అరగంట. అలవాటు తప్పినవాడు నెమ్మదిగా పీల్చడు. కాళ్లు వృథాగా ఆడించును, చొక్కాలో గాలి నింపుచు వదలుచు నుండును, గుండె దడదడలాడుచుండును. వాని ఖర్చు నిమిషమునకు 30 లీటర్లైనచో అదే లోతున 90 లీటర్లు. కాలము 20 నిమిషములే. పాత లెక్క పుస్తకమును చూచి "నాకు అరగంట వచ్చును" అనుకొన్నవాడు 20 నిమిషములకే అట్టడుగున తెల్లమొగము వేయును. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్కు అను సంస్థ పరిశోధకులు 1992 నుండి 2003 వరకు సంభవించిన 947 వినోద డైవింగు మరణములను పరిశీలించి 2008లో ఫలితములు ప్రకటించిరి. ఆపదకు నాంది ఏదో తేలిన ఉదంతములలో నూటికి 41 యందు ఆ నాంది గాలి చాలకపోవుటయే. సొరచేప కాదు, తుపాను కాదు, ముల్లును చూడకపోవుట.

బరువు విషయమున కూడ పాత పుస్తకము మోసగించును. నా పుస్తకములో 4 కిలోల సీసము చాలునని యున్నది. ఆ అంకె 14 ఏండ్లనాటి శరీరమునకు సంబంధించినది. వయసుతో చేరిన కొవ్వు నీటికంటె తేలిక, తేలును. రబ్బరు నురుగు దుస్తును ధరింపబోగా అది నడుమువద్ద కూడలేదు. పెట్టెలో ఉండి దుస్తు కుదించుకొనినదని ఇంట చెప్పితిని గాని ఎవరును నమ్మలేదు. పెద్ద దుస్తు తీసికొంటిని; దానిలో నురుగు హెచ్చు గనుక అదియు తేల్చును. మంచినీటి కొలనులో సరిపడిన బరువు సముద్రమున సరిపడదు, ఏలయన ఉప్పునీరు నూటికి రెండున్నర పాళ్లు బరువైనది. సరంజామాతో కూడి 100 లీటర్ల చోటు ఆక్రమించువానికి దీనివలననే రెండున్నర కిలోలు హెచ్చు కావలెను.

గాలికి కూడ బరువున్నదని మనము మరతుము. మునక ముగియునప్పటికి ఖర్చయిన 1800 లీటర్ల గాలి రెండు కిలోలకు పైగా తూగును. మొదట సరిగా నిలిచినవాడు చివర, సరిగా ఆగవలసిన చోటనే, బెండువలె పైకి తేలిపోవును. కాబట్టి బరువును సరిచూచుకొనవలసినది సిలిండరు దాదాపు ఖాళీయైన తరువాత. చొక్కాలోని గాలినంతయు వదలి, నిశ్చలముగా నిలువున నుండి, మామూలు ఊపిరితో నీటిమట్టము కన్నులకు సరిగా నిలిచినచో బరువు కుదిరినట్లు. నిండు సిలిండరుతో చూచుకొన్నచో ఆ పైన రెండు కిలోలు చేర్చవలెను.

శరీరమున కొవ్వు మాత్రమేనా మారినది? మెడవరకు నీటిలో నిలిచిన మాత్రమున కాళ్లలోని రక్తము రొమ్మునకు ఎక్కును. సుమారు 700 మిల్లీలీటర్లని వైద్యులు చెప్పుదురు. పాతికేండ్ల గుండె దానిని గమనింపనైన గమనింపదు. 50 ఏండ్ల గుండె, అందులోను రక్తపుపోటు కలిగినది, గమనించును. ఇందాక పేర్కొన్న పరిశోధనలోనే మనిషిని అశక్తుని చేసిన కారణములలో నూటికి 26 గుండెకు సంబంధించినవి. డైవింగునకు వచ్చువారికిచ్చు వైద్యపు ప్రశ్నపత్రము 2020లో మారినది. అందులో 45 ఏండ్లు దాటినవారిని ప్రత్యేకముగా ధూమపానము, కొలెస్టరాలు మొదలైనవానిని గూర్చి అడుగుదురు. దానిని నింపునప్పుడు అన్నింటికిని "లేదు" అని గీతలు గీయువారిని నేను చూచితిని. సంతకము పెట్టుచున్నది శిక్షణశాలకు కాదు, తమ గుండెకేనని వారికి తోచినట్లు లేదు. మరల దిగుటకు ఒక మాసము ముందుగా వైద్యుని చూచి, దినమునకు కొంతదూరము నడచి, మెట్లెక్కి ఆయాసమెంతయో తెలిసికొనుట ఏమంత కష్టము కాదు.

సొంత సరంజామా గలవారు దానిని పెట్టెనుండి నేరుగా నీటిలోనికి దింపరాదు. రబ్బరు ఎండి పగులును. రెగ్యులేటరు లోపలి పలుచని పొర, వలయములు, నోటి ముక్క - ఇవన్నియు తెలిసినవానిచే విప్పించి మార్పింపవలెను. మాస్కు పట్టీ గట్టున సాగదీసినప్పుడు బాగుగానే యుండి నీటిలో తెగును. సిలిండరును అయిదేండ్లకొకసారి నీటి ఒత్తిడితో పరీక్షింపవలెనను నియమము పలు దేశములలో కలదు.

మనము గట్టున నున్న కాలమున శాస్త్రము కూడ కొంత నడచును. లోతున ఒత్తిడివలన నత్రజని రక్తమాంసములలో కరగి యుండును. తొందరగా పైకి వచ్చినచో, గోలీసోడా మూత తీసినప్పటివలె, అది బుడగలై కీళ్లనొప్పులు, పక్షవాతము కలిగించును. 1878లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పోల్ బేర్ ఈ సంగతి నిరూపించెను. బ్రిటిషు శాస్త్రజ్ఞుడు హాల్డేను మేకలపై ప్రయోగములు చేసి, మజిలీ మజిలీగా ఆగుచు పైకి వచ్చు పద్ధతిని 1908లో ప్రకటించెను. ఆ పునాది నేటికిని మారలేదు, అంకెలు మారినవి. ఒకప్పుడు నిమిషమునకు 18 మీటర్ల వేగమున పైకి రావచ్చునని నేర్పిరి. నేడు 9 మీటర్లు మించకుండుట మేలని అనేకులు చెప్పుచున్నారు. 5 మీటర్ల లోతున మూడు నిమిషములు ఆగుట వెనుకటి పుస్తకములలో లేదు; నేడు అది ఆచారము. పట్టికలకు బదులు మణికట్టున కంప్యూటరు వచ్చినది. దాని తెరపై ఏ అంకె యేమి చెప్పునో గట్టుననే తెలిసికొని దిగవలెను.

ఇంక పునరభ్యాసము సంగతి. రొమ్ములోతు నీటిలో, ఈతకొలనైనను సరే, ఒక శిక్షకుని యెదుట సగము దినము చాలును. నేను రెండవనాడు చేసినది అదియే. శిక్షకుడు నన్ను మోకాళ్లపై కూర్చుండబెట్టి మాస్కును పూర్తిగా తీసివేయించెను. రెగ్యులేటరు నోటనే యున్నది. ముక్కు తెరచి, నీటిలో, నోటితో మాత్రమే ఒక నిమిషము ఊపిరి పీల్చి వదలవలెను. మొదటిసారి నాలుగు ఊపిరులకే లేచి నిలిచితిని. రెండవసారి పది. మూడవసారి నిమిషము. ఏడవసారియో ఎనిమిదవసారియో, ముక్కు దగ్గర నీరున్నదను ధ్యాసయే పోయినది. నన్నడిగినచో తక్కిన అభ్యాసములన్నింటికంటె ఇది ముఖ్యము. చాలచోట్ల దీనిని ఒకసారి చేయించి సరేయందురు. ఒకసారి చాలదు, విసుగు పుట్టువరకు చేయవలెను. తరువాత రెగ్యులేటరును నోటినుండి తీసి, సన్నగా బుడగలు వదలుచునే వెదకి మరల పెట్టుకొనుట. తోడివాని గాలిని పంచుకొనుట. ఊపిరితోనే ఎత్తు తగ్గించుచు హెచ్చించుచు నేలకు తగులక నిలుచుట. అవసరమైనచో సీసపు దిమ్మలను విడిచివేయుట. ఈ చివరిదానిని అలక్ష్యము చేయుదురు. నీటిలో మరణించిన అనేకుల నడుమున దిమ్మలు అట్లే యుండెనని పరిశోధకులు వ్రాసిరి. పడవ యెక్కకముందు తోడివానితో కలసి సామగ్రినంతయు ఒకరిదొకరు తడవి చూచుకొనుట నాకు పూర్వము చాదస్తముగా తోచెడిది.

మన రాష్ట్రమున విశాఖపట్నముకడ ఋషికొండ తీరమున ఈ విద్య నేర్పుచున్నారు గనుక పునరభ్యాసమునకు దీవులవరకు పోనక్కరలేదు. సెలవులకు అండమాను పోయి అక్కడ సగము దినము పాడుచేసికొననేల యనువారు బయలుదేరక ముందే ఆ పని ముగించుకొనవచ్చును.

మూడవనాడు 6 మీటర్లు, నాలుగవనాడు 12 మీటర్లు దిగితిని. 2009లో నేను చూచిన కొమ్మల పగడము ఆ దిబ్బపై కొంతమేర లేదు. 2010లో సముద్రజలము వేడెక్కి అండమాను పగడములు విస్తారముగా తెల్లబారినవి. వానిలో అనేకము మరల కోలుకొనలేదు. ఉన్న చోట పచ్చని నాచు. ఒక రాతి సందున సముద్రపుష్పములో రెండు నారింజరంగు చేపలు మాత్రము దూరుచు వచ్చుచు నుండెను. నా మాస్కులోనికి మరల కొంచెము నీరు వచ్చినది. అంచు నొక్కి ముక్కుతో ఊదితిని, పోయినది. ముల్లు 70 బార్లు చూపుచుండగా గైడునకు సైగ చేసితిని. ఇరువురము 5 మీటర్లవద్ద మూడు నిమిషములు నిలిచి, నిదానముగా పైకి వచ్చితిమి.

తిరుగు ప్రయాణమునకు మరునాటి ఉదయపు విమానమున చోటు తీసికొని యుంటిని. వరుసగా పలుమార్లు నీట దిగినవారు 18 గంటలైనను గడువక ఆకాశయానము చేయరాదు, ఏలయన విమానములోని తక్కువ ఒత్తిడికి మిగిలిన నత్రజని బుడగలు కట్టవచ్చును. సాయంకాలము పడవ దిగి గంటలు లెక్కించితిని, చాలలేదు. ఇంటికి ఫోను చేసి, ప్రయాణమును ఒక దినము వెనుకకు జరుపుకొంటిని.